శిస్తు రద్దన్నారు, రసీదులు అడిగారు

భయం సంగతి ముందు

ఏజెన్సీలో పద్నాలుగేళ్లు ఉద్యోగం చేశానంటే అందరూ పులుల గురించి అడుగుతారు. పులిని నేను చూడలేదు. మలేరియాకి భయపడ్డాను, దారిలో మందుపాతరకి భయపడ్డాను, ఎమ్మార్వో గారి చూపుకి భయపడ్డాను, ఎన్నికల జీపుకి భయపడ్డాను. మొదటి రెండూ మనిషిని చంపగలవు, అయినా వాటి వల్ల నేను ఎవరికీ అన్యాయం చేశానని మొదట్లో అనుకోలేదు. అలా అనుకోకపోవడం తప్పేనని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నేను రెవెన్యూలో కింది మెట్టు ఉద్యోగిని. నా ఉద్యోగం పేరు సర్కారు మూడుసార్లు మార్చింది, పని మాత్రం మార్చలేదు. శిస్తు వసూలు చెయ్యాలి, రసీదు ఇవ్వాలి, ఏ పొలం ఎవరు దున్నుతున్నారో వెళ్లి కళ్లతో చూసి అడంగల్ అనే పెద్ద పుస్తకంలో రాయాలి. మా నాన్న విజయనగరం వైపు మిషన్ బడిలో పంతులు. అబద్ధమాడితే బెత్తం విరిగేదాకా కొట్టేవాడు. అందుచేత నాకు అబద్ధం చేతకాదనుకునేవాణ్ణి. నిజం చెప్పకుండా ఊరుకోవడం వేరే విద్య. అది నాకు బాగానే అబ్బిందని అరకు వెళ్లాకే తెలిసింది.

కొత్తగా ఈ పనిలో చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, మెమోల గోల ఇందులో ఉండదు. ఒక ఎన్నిక, ఒక ఆడమనిషి వరిమడి, నేనన్న రెండు మూడు మాటలు ఉంటాయి.

వెదురు గొట్టం

నా కింద ఉన్న ఊళ్లలో గొందివలస ఒకటి. అరకు రోడ్డు దిగి కాలిబాటన రెండు గంటలు ఎక్కాలి. నలభై గడప ఉంటుంది. కొండపోడుకి శిస్తు అడిగేవాడు లేడు. ఊరి కింద ఊటగెడ్డకి అడ్డంగా సర్కారు ఎప్పుడో చిన్న కట్ట కట్టింది. దాని నీటితో పండే వరిమడులకి మాత్రం నీటి తీరువా ఉండేది. మా కాగితాల్లో అది నీటి తీరువా, ఊళ్లోవాళ్లకి అది సిస్తు. ఒక్కో ఇంటికి పడేది సంతలో కోడిపెట్ట ఖరీదు కూడా ఉండదు.

మైదానంలో రైతుని శిస్తు కట్టమంటే బుర్ర గోక్కుంటాడు, పైవారం రమ్మంటాడు. గొందివలసలో వాళ్లే నా కోసం ఎదురుచూసేవారు. నేను రావడం నెల ఆలస్యమైతే సంతకొచ్చి నిలదీసేవారు. వాళ్లకి కావలసింది రసీదు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద అటక నుంచి ఒక వెదురు గొట్టం వేలాడుతుంది. రసీదులన్నీ చుట్టచుట్టి అందులో పెడతారు. పొగ తగిలి కాగితం గోధుమరంగుకి తిరుగుతుంది కానీ చెద పట్టదు. తండ్రి పోతే, దినం అయ్యాక, ఊరి పెద్ద ఆ గొట్టం దించి రసీదులు కొడుకులకి పంచుతాడు. ఏ మడి రసీదు ఎవరి చేతికొస్తే ఆ మడి వాళ్లది. గట్టు కొలిచేది లేదు, సాక్షి సంతకాలు లేవు. కాగితం చేతులు మారితే మడి చేతులు మారినట్టే.

చదువు రాని ఊరు కాగితాన్ని అంతలా నమ్మడం చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు ఒకసారి పాంగి గురుబారి దగ్గర బయటపెట్టుకున్నాను. గురుబారికి అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. మొగుడు కల్లు దించబోయి జీలుగు చెట్టు మీంచి పడి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, అత్తింటి నుంచి వచ్చిన ఒక్క మడి. ఆ మడి ఉంటే ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంట్లో అన్నం ఉంటుంది.

"ఇది పట్టా కాదు గురుబారీ. డబ్బు ముట్టిందని నేను రాసిచ్చిన చీటీ, అంతే," అన్నాను.

"పట్టా అంటే నాకేటి తెల్దు బాబూ. ఈ కాయితంల మా మడి నంబరు ఉన్నాదా నేదా?"

"ఉంది."

"మా మావ పేరు?"

"ఉంది."

"మరింకేటి? ఇదే."

ఆవిడ చెప్పిందే సరైనది. ఆ కొండల్లో సగం మడులకి పట్టాలు లేవు. రేపు ఎవడైనా ఈ మడి నాదంటూ వస్తే, విచారించే అధికారి చూసేవి రెండే: చేతిలో ఉన్న రసీదులు, మా ఆఫీసులో ఉన్న అడంగల్. గిరిజనులు కానివాళ్లకి గిరిజనుల భూమి అమ్మకూడదని చట్టం ఉంది. చట్టం ఉన్నచోట దొడ్డిదారి కూడా ఉంటుంది కాబట్టి, గిరిజనుడైన జీతగాణ్ణి ముందు నిలబెట్టి వెనక సావుకారు దున్నించుకోవడం అప్పటికే నడుస్తోంది. ఇవన్నీ నాకు తెలుసు.

గురుబారి నన్ను విడిపించిన రోజు

తొంభైల మొదట్లో, శిస్తు కోసం గొందివలసకి వెళ్తున్నాను. మిట్టమధ్యాహ్నం. సిల్వరోక్ తోపు దాటి మలుపు తిరగగానే ముగ్గురు మనుషులు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. భుజాన తుపాకులున్నాయి. వాళ్లెవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. అడవిలో ఉండేవాళ్ల గురించి వినని ఉద్యోగి ఆ రోజుల్లో అరకులో లేడు.

"సంచిలో ఏముంది?" అన్నాడు ముందున్నాయన.

సంచి గుండెకి హత్తుకున్నాను. ఆయనే సంచి లాక్కుని రసీదు పుస్తకం తీశాడు.

"అంబలి తాగి బతికేవాళ్ల దగ్గర శిస్తు వసూలు చేస్తున్నావా?"

నన్ను ఏం చేస్తారన్నదానికంటే, ఇంట్లో మా ఆవిడకి ఎవరు వెళ్లి చెబుతారు, ఎప్పుడు చెబుతారు అన్నదే బుర్రలో తిరిగింది. అప్పుడు వెనక నుంచి అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని గురుబారి వచ్చింది. మోపు దించలేదు. అలా నిలబడే మాట్లాడింది.

"ఈ బాబు మా సిస్తు బాబు. ఈయన కాయితం ఇయ్యకపోతే మా మడి ఎవుడో ఒకడు ఎత్తుకుపోతాడు. మీరు ఇత్తారేటి కాయితం? ఇయ్యరు కదా. ఇడిసిపెట్టండి."

ముగ్గురిలో ఒకాయన నవ్వాడు. పుస్తకం నా చేతిలో పెట్టి, ఈసారికి పొమ్మన్నారు. ఈసారికి అన్న మాట నా చెవిలో చాలా ఏళ్లు ఉండిపోయింది. గురుబారి ఆ మోపుతోనే వెనక్కి తిరిగి రోడ్డుదాకా నాతో దిగింది.

"బయపడినావా బాబూ?"

"లేదు."

"మరి సొక్కా ఏటి అలగ తడిసిపోనాది? వోన కూడా నేదు."

నాకు తెలిసిన మనుషుల్లో దేనికీ జంకని మనిషి ఎవరంటే ఇప్పటికీ ఆవిడ పేరే చెబుతాను. ఆ రోజు నా ప్రాణం నిలబెట్టింది ఆవిడే.

కొండెక్కకుండా రాసిన పుస్తకం

ఆ తర్వాత నేను గొందివలస ఎక్కలేదు. ఒక్కసారి కూడా.

శుక్రవారం సంతకి ఊరంతా దిగుతుంది కదా అనుకున్నాను. టీ బడ్డీలో బల్ల మీద పుస్తకం పెట్టుకుని శిస్తు అక్కడే తీసుకున్నాను, రసీదు అక్కడే ఇచ్చాను. అడంగల్ కూడా అక్కడే రాశాను. కిందటేడు ఏముందో చూసి మక్కీకి మక్కీ దించడమే. 'స్వయంగా తనిఖీ చేసితిని' అని కింద సంతకం పెట్టాలి. పెట్టాను. నేనొక్కణ్ణే కాదు, చింతూరు వైపు, రంపచోడవరం వైపు పనిచేసిన నా తోటివాళ్లు కూడా చాలామంది అంతే. నలుగురితో పాటు చేసే తప్పుకి సిగ్గు తక్కువగా ఉంటుంది. పైగా మడులు అవే, మనుషులు అవే, నేను చూసినా చూడకపోయినా వరి పండుతూనే ఉంది. నష్టం ఎవరికి అనుకున్నాను.

మా ఎమ్మార్వో గారు డబ్బు ముట్టని మనిషి. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం. కానీ ఎన్నికలంటే హడలిపోయేవారు. వెనకెప్పుడో ఎవరో అభ్యర్థి ఫిర్యాదు చేస్తే ఎనిమిది నెలలు సస్పెన్షన్‌లో ఉన్నారట. తొంభైల చివర్లో అసెంబ్లీ ఎన్నికలొచ్చినప్పుడు మా అందరినీ పిలిచి ఒకటే చెప్పారు.

"ఎన్నికలయ్యేదాకా రెవెన్యూవాడికి చెవులుండాలి, నోరుండకూడదు. ఎవడు ఏ హామీ ఇచ్చినా మనకి అనవసరం. అవుననొద్దు, కాదనొద్దు. తేడా వస్తే నేను ఎవర్నీ కాపాడలేను."

భయస్తుడికి ఇంతకంటే తియ్యటి ఉత్తర్వు ఏముంటుంది?

సంతలో బల్ల

పోలింగుకి రెండు వారాల ముందు శుక్రవారం. ఒక అభ్యర్థి జీపు మైకుతో సంతలోకి వచ్చింది. ఆయన జీపు మీద నిలబడి, తనని గెలిపిస్తే మర్నాడే కొండ ప్రజల శిస్తు రద్దు చేయిస్తానన్నాడు. అంతటితో ఆగక, ఇప్పటిదాకా కట్టిన మూడేళ్ల శిస్తు కూడా వెనక్కిప్పిస్తానన్నాడు. డప్పులు మోగాయి. పొద్దున్న పదింటికి 'గెలిస్తే' అన్న మాట ఉంది. ఆ మాట ఎక్కడ రాలిపోయిందో గానీ పన్నెండింటికల్లా సంత మొత్తం శిస్తు రద్దయిపోయిందనే చెప్పుకుంటోంది.

జీపు వెళ్లిపోయింది. బల్ల మిగిలింది. టార్పాలిన్ కింద బల్ల వేసుకుని సన్యాసిరావు కూర్చున్నాడు. అరకులో అతనికి కిరాణా కొట్టు ఉంది, అడ్డాకులూ చింతపండూ పిప్పళ్లూ కొనేది కూడా అతనే. ఆ అభ్యర్థికి ఆ చుట్టుపక్కల కుడిచెయ్యి. శిస్తు డబ్బు వాపసు కావాలంటే పాత రసీదులు ఇక్కడ ఇవ్వాలని మనుషుల చేత చెప్పించాడు. రసీదులిచ్చినవాళ్లకి బదులుగా అభ్యర్థి బొమ్మ ఉన్న కాగితం ఒకటి ఇస్తున్నాడు. గొందివలసవాళ్లు ఇళ్లకి పరుగెట్టి సాయంత్రానికల్లా వెదురు గొట్టాలతో సహా వచ్చారు. నేను ఇరవై గజాల దూరంలో టీ బడ్డీలో కూర్చుని అంతా చూస్తున్నాను.

ఆ కాగితాలు చేతులు మారితే ఏమవుతుందో ఆ సంతలో తెలిసినవాళ్లం ఇద్దరమే, సన్యాసిరావూ నేనూ. లేచి వెళ్లి ఆపాలని లేచాను కూడా. సంత చివర మా ఎమ్మార్వో గారి జీపు ఆగి ఉంది. మళ్లీ కూర్చున్నాను.

గురుబారి గొట్టం చంకలో పెట్టుకుని బల్లదాకా వెళ్లింది. ఇవ్వలేదు. తిరిగి నా దగ్గరకొచ్చింది.

"బాబూ, సిస్తు రద్దయిపోనాదంతన్నారు. నిజవేనా?"

బల్ల దగ్గర నుంచి సన్యాసిరావు తలతిప్పి నా వైపే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు. అతని పక్కన నలుగురు నిలబడి ఉన్నారు.

"అలా అంటున్నారు," అన్నాను.

"ఆలు అంతన్నది నాకూ ఇనబడతంది. నువ్వేటంతన్నావని అడుగుతన్నాను."

టీ గ్లాసు వైపు చూశాను.

"ఈ కాయితాలు ఇచ్చీమంటావా?"

"నీ ఇష్టం."

ఆవిడ గొట్టం చంకలోకి పైకి లాక్కుంది.

"నా ఇట్టమైతే నిన్నెందుకడుగుతాను బాబూ," అంది.

నేను ఇంకేమైనా అంటానేమోనని చూసింది. అనలేదు. వెళ్లి గొట్టం బల్ల మీద బోర్లించింది. అయిదు మడుల దూరం నుంచి వానని పసిగట్టే మనిషి, నా మౌనాన్ని మాత్రం అవునని అర్థం చేసుకుంది. చేసుకోదా మరి. ఆ కొండల్లో శిస్తు అంటే నేనే. నేను వద్దనలేదంటే సర్కారు వద్దనలేదనే.

పన్ను తగ్గిస్తామనే మాట గురించి

పన్ను తీసేస్తామనే హామీ అన్ని హామీల్లోకీ చవక. రోడ్డు వేస్తామంటే వెయ్యలేదని కళ్లకి కనిపిస్తుంది. పన్ను తీసేస్తామంటే తీశారో లేదో నోటీసు వచ్చేదాకా తెలీదు. ఇచ్చేవాడి చేతిలో ఆ అధికారం ఉందా అని ఎవరూ అడగరు. ఒక్క ఎమ్మెల్యే శిస్తు రద్దు చెయ్యలేడు, దానికి సర్కారు ఉత్తర్వు కావాలి. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆ పన్ను ఎంత, అది పోతే దానితో పాటు ఇంకేం పోతుంది అని కూడా ఎవరూ అడగరు. గొందివలసలో శిస్తు పోతే మిగిలేది ఒక కోడిపెట్ట. పోయేది మడి మీద ఉన్న ఒకే ఒక్క రుజువు.

నేను ఆ రోజు అనాల్సింది ఇది: "రద్దు కాలేదు. రద్దయితే ఉత్తర్వు నాకొస్తుంది, నేనే వచ్చి చెబుతాను. అందాకా మీ కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి." ఇంతే. ఇందులో ఏ పార్టీ పేరూ లేదు. ఉన్న చట్టం ఉన్నట్టు చెప్పడం ప్రచారం కాదు, మన ఉద్యోగం. ఎమ్మార్వో గారు నోరుండకూడదన్నది ఓట్ల విషయంలో. నేను దాన్ని శిస్తు విషయానికి సాగదీసుకున్నాను, నా భయానికి అది బాగా సరిపోయింది కాబట్టి.

మీ దగ్గరకి ఎవరైనా వచ్చి ఇది నిజమా అని అడిగితే 'అంటున్నారు' అనకండి. 'నీ ఇష్టం' అసలే అనకండి. అది మర్యాద మాటలా వినిపిస్తుంది. నేను దాన్ని పిరికితనానికి వాడుకున్నాను.

కట్టినవాడి పేరు

ఆ అభ్యర్థి గెలిచాడు. శిస్తు మాట మళ్లీ ఎత్తలేదు. ఉత్తర్వు ఏదీ రాలేదు. మాఘమాసంలో వసూలు మొదలైతే గొందివలస నుంచి ఒక్కరూ బడ్డీ దగ్గరకి రాలేదు. వాళ్ల లెక్కన శిస్తు లేదు. కబురు పెట్టాను, నిజం. సంతకొచ్చిన ఇద్దరు ముగ్గురితో కట్టాలని చెప్పాను. ఎలక్షన్లో రద్దయిపోనాది కదా, నీకు తెలీదా బాబూ అని వాళ్లే నన్ను చూసి నవ్వారు. కొండెక్కి ఇంటింటికీ చెప్పాల్సింది. ఆ నెలలోనే అవతలి లోయలో పోలీసు జీపు పేలింది. నేను ఎక్కలేదు.

ఫాల్గుణంలో సన్యాసిరావు వచ్చాడు. వెనక అతని కొట్టులో మూటలు మోసే బుద్రు ఉన్నాడు. బుద్రు గిరిజనుడే, వేరే లోయవాడు. గొందివలస కట్ట కింద పదకొండు మడుల నంబర్లు రాసిన కాగితం నా ముందు పెట్టాడు. అందులో గురుబారి మడి కూడా ఉంది.

"వీటి తీరువా మావాడు కడతాడండి. ఈడే సాగు చేస్తన్నాడు," అన్నాడు.

"ఆ మడులు ఊళ్లోవాళ్లే దున్నుతున్నారు కదా."

"కొండెక్కి సూసి రండి మరి. ఎవరొద్దన్నారు?" అన్నాడు. కాస్త ఆగి, "దారి బాగోలేదని మాత్రం అంతన్నారు, జాగర్తగా ఎల్లండి," అన్నాడు.

నేను కొండెక్కనని అతనికి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. డబ్బు తీసుకుని బుద్రు పేర రసీదు రాశాను. అడంగల్‌లో సాగుదారు గడిలో బుద్రు పేరు పడింది. మరుసటేడూ పడింది, ఆ మరుసటేడూ పడింది. మూడేళ్లూ 'స్వయంగా తనిఖీ చేసితిని' అని సంతకం పెట్టాను. ఆ మూడేళ్లూ మడి దున్నింది, నాటింది, కోసింది గురుబారి.

నాలుగో ఏడు దుక్కి సమయానికి సన్యాసిరావు మనుషులు బుద్రుని వెంటబెట్టుకుని అరకలతో ఎక్కారు. ఊరు అడ్డం పడింది. పోలీసులు వచ్చి కాగితాలు అడిగారు. రసీదులు బుద్రు పేర ఉన్నాయి. పాత రసీదులు సన్యాసిరావు దగ్గరే ఉన్నాయి, మడులు బుద్రుకి ఇష్టపడే ఇచ్చేశారని అతని మాట. చాలామంది అక్కడికక్కడే మెత్తబడి, సొంత మడినే సగం పాలుకి తీసుకున్నారు. గురుబారి ఒప్పుకోలేదు. అరకులోని మిషన్ బడి పంతులు చేత అర్జీ రాయించి, భూమి తగాదాలు విచారించే డిప్యూటీ కలెక్టరు గారి కోర్టులో వేసింది.

ఒక్క ప్రశ్న

సాక్ష్యానికి నాకు సమన్లొచ్చాయి. వారం రోజులు అన్నం సయించలేదు. చూడలేదని చెబితే మడి గురుబారికి వస్తుంది, నా ఉద్యోగం పోతుంది, తప్పుడు రికార్డు రాసినందుకు కేసు కూడా పడొచ్చు. మా ఆవిడ మాత్రం ఒక్క మాటే అంది.

"మీరు బతికి వచ్చారంటే ఆవిడ వల్లే కదండీ. ఏం చెప్పాలో నన్నడుగుతారేంటి?"

వాయిదా రోజు ఉదయం ఎమ్మార్వో గారు నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు.

"నువ్వు చూడలేదంటే, నీ సంతకం కింద నేను పెట్టిన సంతకం ఏమవుతుంది? నాకు రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది," అన్నారు. బెదిరించలేదు. బతిమాలారు. బెదిరిస్తే ఎదురు తిరిగేవాణ్ణేమో, చెప్పలేను.

కోర్టు అంటే పెద్ద హాలేం కాదు, ఫ్యానూ బీరువాలూ ఉన్న గది. డిప్యూటీ కలెక్టరు గారు అడంగల్ తిరగేసి నన్ను ఒకే ప్రశ్న అడిగారు.

"ఈ మూడేళ్లూ మీరు పొలానికి వెళ్లి చూశారా?"

గురుబారి గోడవారగా నిలబడి ఉంది. నేను ఆవిడ వైపు చూడలేదు.

"చూశానండి."

గోడ దగ్గర నుంచి ఆవిడ గొంతు వినిపించింది. కోపంగా లేదు. పిల్లలు తప్పు చెబితే దిద్దినట్టు ఉంది.

"ఈ బాబు రానేదయ్యా. ఒస్తే నాను అంబలి ఇద్దును. ఇన్నేళ్లల ఒక్కపాలి ఇయ్యనేదు. మా ఊరోలందరినీ అడగండి."

అధికారి తల ఎత్తి ఆవిడ వైపు, నా వైపు చూశారు. ఆయనకి అర్థమైందనే అనుకుంటాను. కానీ ఇంట్లో ఇవ్వని అంబలిని ఫైల్లో ఏ పేజీలో పెడతారు? మూడేళ్ల రసీదులున్నాయి, మూడేళ్ల అడంగల్ ఉంది, సంతకం పెట్టిన ఉద్యోగి నిలబడి చూశానంటున్నాడు. మడి బుద్రుదని ఉత్తర్వు వచ్చింది.

పై కోర్టుకి వెళ్లడానికి గడువు ఉంది. ఆ గడువులో నేను నోరు విప్పి ఉంటే కేసు తిరగబడేది. రోజూ రేపు చెబుదాం అనుకున్నాను. ఉద్యోగం, ఇల్లు, పిల్ల చదువు, ఇలా రోజుకొకటి అడ్డం పెట్టుకున్నాను. గడువు దాటిన రోజు నాకు నిద్ర పట్టింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పట్టింది.

గట్టు మీద

నాకు ఏ శిక్షా పడలేదు. ఉద్యోగం నిలబడింది, ఇప్పుడు పెన్షన్ వస్తోంది. ఆ పెన్షన్‌తోనే మందులు కొనుక్కుంటున్నాను.

పదవీ విరమణకి నెల ముందు, శ్రావణమాసంలో, గొందివలస వెళ్లాను. అప్పటికి ఊరిదాకా మట్టిరోడ్డు పడింది. పోలీసు క్యాంపు వచ్చాక దారి భయం తగ్గింది. ఏం చెయ్యాలని వెళ్లానో స్పష్టంగా తెలీదు. క్షమించమని అడుగుదామనే అనుకుంటాను. జీపు దిగి కట్ట మీదుగా నడిచాను. ఆ నంబరు మడిని పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో. కళ్లతో చూడటం అదే మొదటిసారి; వెనక కొండెక్కినప్పుడు కూడా ఇళ్ల దగ్గరే శిస్తు తీసుకుని దిగిపోయేవాణ్ణి. నేననుకున్నదానికంటే చిన్నది.

ఊడ్పులు జరుగుతున్నాయి. పదిమంది ఆడవాళ్లు వంగి నాట్లేస్తున్నారు. చివరి వరసలో గురుబారి ఉంది. జుట్టు సగం నెరిసింది. నేను గట్టెక్కి నిలబడితే గుర్తుపట్టింది.

"సిస్తు బాబువి కదా. ఇప్పుడొచ్చినావేటి?"

"చూద్దామని వచ్చాను గురుబారీ."

"సూడు మరి." మోకాలిలోతు బురదలో నిలబడి, చేతిలో నారు కట్టతో నా వైపు చూసింది. "ఆ జీపు మీద బాబు సెప్పినాడు సూడు, సిస్తు ఉండదని. నాకు నిజంగానే నేదు బాబూ. మడి నేనోలకి సిస్తేటి."

ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఉన్నమాట చెప్పింది. నేను చెప్పాలనుకున్నది మొదలుపెట్టాను.

"గురుబారీ, ఆ రోజు కోర్టులో నేను..."

ఆవిడ వినడం లేదు. నా భుజం మీదుగా కట్ట వైపు చూస్తోంది. అక్కడ గొడుగు వేసుకుని ఎవరో వస్తున్నారు. సన్యాసిరావు గుమాస్తా అని తర్వాత తెలిసింది. గురుబారి చటుక్కున వంగి నాట్లేయడం మొదలుపెట్టింది. తుపాకుల ముందు మోపు దించకుండా మాట్లాడిన మనిషి, తల ఎత్తకుండా, గొంతు బాగా తగ్గించి అంది.

"గట్టు దిగిపో బాబూ. బేగి ఎల్లిపో. నీతో మాటాడతన్నానని సూత్తే రేపట్నించి కూలికి రానియ్యరు."

నేను గట్టు దిగి వచ్చేశాను.